అరుగు మీద పలక: రామానుజన్‌కు లెక్కలను చేరువ చేసిన ఇల్లు

ఏటా డిసెంబరు 22న దేశం జాతీయ గణిత దినోత్సవం జరుపుకుంటోంది. అది శ్రీనివాస రామానుజన్ జన్మదినం. కేంబ్రిడ్జిలో ఆయన సాధించిన ఘనత లోకవిదితం. అయితే లెక్కలపై ఆయనకు మక్కువ కలిగింది విశ్వవిద్యాలయంలో కాదు. కుంభకోణంలోని సారంగపాణి సన్నిధి వీధిలో, ఒక చిన్న ఇంట్లో.

1887లో ఈరోడ్‌లోని మాతామహుల ఇంట రామానుజన్ జన్మించారు. తండ్రి శ్రీనివాస అయ్యంగార్ కుంభకోణంలో ఒక చీరల దుకాణంలో గుమాస్తా. తల్లి కోమలతమ్మాళ్ ఆలయంలో భజనలు పాడేవారు. వారిద్దరూ గణితం చదువుకున్నవారు కారు. అయినా తల్లి తీరిక చేసుకుని కొడుకుతో పులి-మేక ఆట ఆడేవారు. గులకరాళ్ళే పావులు. మూడు పులులు మేకల మీదుగా దూకి వాటిని చంపాలి, పదిహేను మేకలు పులులను కదలనీయకుండా చుట్టుముట్టాలి. మన పల్లెల్లో రచ్చబండల మీద గీసుకుని ఆడే ఆట వంటిదే ఇది. ఎదుటివారి ఎత్తును ముందే ఊహించకపోతే ఇందులో గెలుపు లేదు.

రాబడి చాలక ఆ కుటుంబం కళాశాల విద్యార్థులకు ఇంట్లో బస ఇచ్చేది. రామానుజన్ వారిని ప్రశ్నలతో ముంచెత్తేవారు. పదకొండేళ్ళు వచ్చేసరికి వారికి తెలిసిన గణితమంతా గ్రహించారు. తరువాత చేతికందిన లోనీ త్రికోణమితి గ్రంథాన్ని పదమూడో ఏటికల్లా ఆకళింపు చేసుకున్నారు. ఎటు కూడినా ఒకే మొత్తం వచ్చే మాయాచదరాలను కూర్చడం ఆయనకు బడినాటి వినోదం. కాగితం ఖరీదు కావడంతో పలకపైనే లెక్కలు చేసేవారు. తుడవడానికి గుడ్డ కోసం వెతకకుండా మోచేతితోనే చెరిపేవారు.

1903లో కార్ రచించిన గణిత సంగ్రహం ఆయనకు దొరికింది. వేలాది ఫలితాలున్న ఆ పుస్తకంలో పూర్తి నిరూపణలు అరుదు. ఆ లోటే ఆయనకు వరమైంది. ఒక్కొక్క ఫలితాన్నీ పొడుపుకథలా తానే విప్పుకుంటూ పోయారు.

ఆ మక్కువే ఆయనను కష్టాల పాలు చేసింది. తక్కిన పాఠ్యాంశాలను నిర్లక్ష్యం చేయడంతో కళాశాలలో ఉపకార వేతనం పోయింది. 1905లో ఇంట్లో చెప్పకుండా విశాఖపట్నం వెళ్ళిపోయారు. తల్లిదండ్రులు తల్లడిల్లి వెతికించారు. తరువాత మద్రాసులో చదివినా పరీక్ష గట్టెక్కలేదు. పట్టా లేదు, ఉద్యోగం లేదు. ఆ పేద ఇంటికి అది చిన్న భారం కాదు. అయినప్పటికీ ఆయన ఇంటి అరుగుపై పలక పట్టుకుని కూర్చోవడానికి ఆ ఇంట్లో చోటు మిగిలింది. నోటు పుస్తకాలు నిండింది ఆ ఏళ్ళలోనే.

1910లో వాటిని వెంటబెట్టుకుని ఆయన నాటి నెల్లూరు కలెక్టర్ రామచంద్రరావును కలిశారు. గణితాభిమాని అయిన ఆ అధికారి నెలకు 25 రూపాయల సాయం అందించారు. 1912లో మద్రాసు పోర్టు ట్రస్టులో గుమాస్తా కొలువు, 1913లో కేంబ్రిడ్జి ఆచార్యుడు హార్డీకి లేఖ, 1914లో ఇంగ్లండు ప్రయాణం, 1918లో రాయల్ సొసైటీ సభ్యత్వం వరుసగా జరిగాయి.

1919లో తీవ్ర అనారోగ్యంతో స్వదేశం చేరారు. మంచంపై ఉండి కూడా లెక్కలు మానలేదు. భార్య జానకి పక్కనే ఉండి సేవ చేస్తూ, ఆయన రాసిన కాగితాలను భద్రపరిచారు. 1920 ఏప్రిల్ 26న, 32 ఏళ్ళ వయసులో ఆయన కన్నుమూశారు. ఆ చివరి నాళ్ళ కాగితాలు 1976లో కేంబ్రిడ్జిలో బయటపడి, నేటికీ పరిశోధకులకు పని కల్పిస్తున్నాయి.

ప్రతి ఇంటా రామానుజన్ పుట్టరు. కానీ ఆయనకు బాల్యంలో దక్కినవి ఏ ఇంటికైనా అందుబాటులో ఉన్నవే: కలిసి ఆడే తల్లి, ప్రశ్నకు విసుగు చెందని పెద్దలు, ఒక పుస్తకం, ఒక పలక, ఆలోచించుకోవడానికి కాస్త తీరిక.