కొలత చూసి కర్ర - టామ్ మోరిస్

మనలో గోల్ఫ్ ఆడినవారు తక్కువ. నేనూ ఆడలేదు. అయినా స్కాట్లండ్‌కు చెందిన టామ్ మోరిస్ జీవితం విశ్రాంత ఉద్యోగులమైన మనం తెలుసుకోదగినదని నాకు అనిపించింది.

ఆయన 1821లో సెయింట్ ఆండ్రూస్‌లో ఒక నేతపనివారింట జన్మించారు. అలన్ రాబర్ట్‌సన్ వద్ద తోలులో ఈకలు కూరి బంతులు చేసే పని నేర్చారు. ఇంతలో చవకైన గట్టాపర్చా బంతి వచ్చింది. గురువుగారు దానిని తన జీవనాధారానికి ముప్పుగా భావించారు. శిష్యుడు దానితోనే ఆడారు. ఇద్దరూ విడిపోయారు.

1851లో టామ్ ప్రెస్ట్‌విక్‌లో మైదాన సంరక్షకులుగా చేరారు. ఓపెన్ పోటీలో నాలుగుసార్లు గెలిచారు. చివరి విజయం 1867లో, 46వ ఏట. అంత వయసులో ఆ పోటీ గెలిచినవారు నేటికీ మరొకరు లేరు.

ప్రెస్ట్‌విక్ తరువాత సొంత ఊరిలో ఏటా 50 పౌండ్ల జీతంపై మైదానం చూస్తూ, కర్రల దుకాణం నడిపారు. ఆనాటి చేతిపనిలో ఆటగాడి ఎత్తును బట్టి పొడవు, నిలబడే తీరును బట్టి తల వంపు, చేతి వేగాన్ని బట్టి హికరీ కాడ బిగువు ఉండేవి. తల వెనుక సీసం పోసి బరువు సరిచేసేవారు. పట్టుకు తోలు చుట్టేవారు.

1875లో, తానూ నాలుగుసార్లు విజేతయైన కుమారుడు 24వ ఏటనే మరణించారు. భార్య, మిగిలిన బిడ్డలు కూడా ఆయనకన్నా ముందే వెళ్లిపోయారు. అయినా ఆయన పని విడువలేదు. ఎనభై దాటాక, 1903లో పదవీ విరమణ చేశారు. 1908లో కన్నుమూశారు.

ఆయన కథ చదివాక, మన చేతికర్రయినా ఎత్తుకు సరిపోయిందో లేదో చూసి కొనాలని నేను నిశ్చయించుకున్నాను. సభ్యులూ ఆలోచించగలరు.