ఖడ్గము – ఉత్తరీయము : రోమక వక్త సిసిరో జీవితము

పాఠశాలల వక్తృత్వపు పోటీలలో తరచుగా ఎదురయ్యే విషయమొకటి ఉన్నది. ప్రజాప్రతినిధులుగా ఎన్నిక కాగోరువారు ముందుగా కొంతకాలం సైన్యంలో పనిచేసి ఉండాలనే నియమం అవసరమా, కాదా? మన రాజ్యాంగం అటువంటి నియమం పెట్టలేదు. లోక్‌సభకు పోటీ చేసే వ్యక్తికి భారత పౌరసత్వము, 25 సంవత్సరాల వయస్సు ఉండాలన్నదే తప్ప యుద్ధభూమి ప్రసక్తి అందులో లేదు. పిల్లలు ఈ విషయం మీద ఎంతో ఆవేశంగా మాట్లాడతారు. అయితే ఆ నియమం నిజంగానే అమలు జరిగిన రాజ్యమొకటి ఉండేదని వారిలో కొద్దిమందికే తెలుసు. ఆ రాజ్యం ప్రాచీన రోమ్. ఆ నియమం సడలిపోయిన రోజులలో వాగ్బలంతోనే అత్యున్నత పదవిని అధిష్ఠించి, కడకు కత్తికే బలైన మార్కస్ తులియస్ సిసిరో జీవితాన్ని ఈ ప్లాటినం జూబిలీ సంచిక పాఠకుల ముందుంచుతున్నాను.

ముందుగా ఆ నియమాన్ని గురించి రెండు మాటలు. క్రీ.పూ. 2వ శతాబ్దంలో బందీగా రోమ్ చేరి, ఆ నగరపు రాజ్యవ్యవస్థను నిశితంగా పరిశీలించిన గ్రీకు చరిత్రకారుడు పొలీబియస్. పది సంవత్సరాల దండయాత్రలలో పాల్గొననిదే ఏ రోమన్ పౌరుడూ రాజకీయ పదవికి అర్హుడు కాడని అతడు వ్రాశాడు. ఇందులో తర్కం లేకపోలేదు. రోమ్‌లో ఏటా ఇద్దరు కాన్సళ్ళను ప్రజలు ఎన్నుకొనేవారు. సభలో అధ్యక్షత వహించేదీ వారే, యుద్ధం వస్తే సేనలను నడిపేదీ వారే. గుర్రమెక్కి దళాన్ని నడపడం రాని వ్యక్తిని ఎన్నుకొంటే ఆ సంవత్సరం పౌరుల ప్రాణాలు అతని చేతిలో పెట్టినట్లే. పైగా ఆనాటి సైనికుడంటే సొంత పొలమున్న రైతు. విత్తనం వేసి యుద్ధానికి పోయి, కోతకు తిరిగి వచ్చేవాడు. అటువంటి సమాజంలో సైనిక సేవను పదవికి మెట్టుగా ఉంచడం సహజమే.

సిసిరో క్రీ.పూ. 106 జనవరి 3వ తేదీన రోమ్ నగరానికి దూరంగా ఆర్పీనమ్ అనే కొండ ఊరిలో జన్మించాడు. కుటుంబం కలిగినదే గాని, ఆ వంశంలో సెనేట్ సభ్యుడైనవాడు అంతవరకు ఒక్కడూ లేడు. ఆ ఊరికే చెందిన మేరియస్ అనే వీరుడు అప్పటికి యుద్ధాలలో పేరు మోస్తున్నాడు. వంశ ప్రతిష్ఠ లేని మేరియస్ కేవలం సైనిక ప్రతిభతో 7 పర్యాయాలు కాన్సల్ అయ్యాడు. ఆర్పీనమ్ బాలురకు పైకి వచ్చే దారి ఏదని అడిగితే, ఊరంతా మేరియస్ వైపే వేలు చూపించి ఉంటుంది.

అయితే ఈ మేరియస్ చేసిన పని ఒకటి రోమ్ గతినే మార్చివేసింది. క్రీ.పూ. 107లో అతడు భూమి లేని నిరుపేదలను కూడా సైన్యంలో చేర్చుకొన్నాడు. పేదవాడికి బతుకుతెరువు దొరికింది, మంచిదే. కాని యుద్ధం ముగిసిన తర్వాత ఆ సైనికునికి తిరిగి వెళ్ళడానికి పొలం లేదు; పొలం ఇప్పించవలసినవాడు సేనాపతి. సైనికుని విశ్వాసం క్రమంగా రాజ్యం మీద నుండి సేనాపతి మీదికి మళ్ళింది. సిసిరో జీవితంలోని దుఃఖానికంతటికీ మూలం అతని పుట్టుకకు ముందటి ఏడు జరిగిన ఈ మార్పులోనే ఉన్నదని నా అభిప్రాయం.

కుమారుని తెలివితేటలు గమనించిన తండ్రి చదువు నిమిత్తం అతనిని రోమ్‌కు చేర్చాడు. పదిహేడవ యేట, అంటే క్రీ.పూ. 89లో, ఇటలీ మిత్రరాజ్యాలు రోమ్ మీద తిరుగుబాటు చేసిన యుద్ధంలో సిసిరో సైనికుడైనాడు. సేనాపతి పాంపేయస్ స్ట్రాబో. ఒకనాడు రెండు శిబిరాల నడుమ ఖాళీ స్థలంలో స్ట్రాబో శత్రునాయకునితో సంధి మాటలు జరిపినప్పుడు ఈ కుర్రవాడు అక్కడ ఉన్నాడు. శత్రువులు పరస్పరం భయం గాని అనుమానం గాని లేకుండా మర్యాదగా మాట్లాడుకొన్న ఆ దృశ్యం అతనికి ముసలితనంలో కూడా జ్ఞాపకమున్నది. యుద్ధం నుండి అతడు తెచ్చుకొన్న జ్ఞాపకం కూడా సంభాషణే కావడం చిత్రం!

అదే శిబిరంలో అతని యీడువాడే మరొక యువకుడున్నాడు. అతడు సేనాపతి కుమారుడు పాంపే. సిసిరో కొద్దికాలానికే సైన్యం విడిచి పుస్తకాల వైపు నడిచాడు. పాంపే సైన్యాన్ని విడువలేదు. విజయం మీద విజయం సాధించి, క్రింది పదవి ఒక్కటి కూడా నిర్వహించకుండానే, సెనేట్‌లో ఒక్కరోజైనా సభ్యుడుగా కూర్చోకుండానే క్రీ.పూ. 70లో తిన్నగా కాన్సల్ అయ్యాడు. సభను ఎట్లా పిలవాలో, ఎవరిని ముందు మాట్లాడించాలో ఆ మహావీరునికి తెలియదు. అందుచేత పండితుడైన మిత్రుడు వర్రో చేత సభా నియమాల మీద ఒక చిన్న పుస్తకం వ్రాయించుకొన్నాడు. పరీక్షల ముందు గైడు వెతుక్కొనే మన విద్యార్థులకు ఈ సంగతి కొంత ఊరట కలిగించవచ్చు.

సిసిరో దారి వేరు. న్యాయస్థానమే అతని యుద్ధభూమి. నియంత సుల్లా పేరు చెబితేనే జనం వణికే క్రీ.పూ. 80లో, సుల్లా ఆశ్రితుడు కుట్ర పన్ని ఇరికించిన రోషియస్ అనే వ్యక్తి పక్షాన నిలిచి అతనిని విడిపించాడు. ఆ పిమ్మట ఏథెన్స్, రోడ్స్ నగరాలలో తత్త్వశాస్త్రమూ వక్తృత్వమూ అభ్యసించాడు. క్రీ.పూ. 75లో సిసిలీ ద్వీపంలో క్వెస్టర్ అనే కోశాధికారిగా పనిచేసినప్పుడు, ముళ్ళపొదల మధ్య మరుగునపడిన ఆర్కిమెడీస్ సమాధిని వెతికి పట్టుకొన్నాడు. గణిత ఉపాధ్యాయులు ఈ ఒక్క పనికైనా అతనిని తలచుకోవాలి. తరువాత అదే ద్వీపాన్ని దోచుకొన్న గవర్నరు వెర్రీస్‌ను క్రీ.పూ. 70లో న్యాయస్థానానికీడ్చి, తీర్పుకు ముందే అతడు దేశం విడిచి పారిపోయేటట్లు చేశాడు. ఆపై పదవులన్నీ చట్టం అనుమతించిన కనీస వయస్సులోనే ఒకటొకటిగా లభించి, క్రీ.పూ. 63లో కాన్సల్ అయ్యాడు. పది దండయాత్రల నియమాన్ని ఆనాటికి ఎవరూ పట్టించుకోవడం లేదు.

ఆ సంవత్సరమే మన వక్తృత్వపు పోటీ విషయం రోమ్ న్యాయస్థానం ముందుకు వచ్చింది. మరుసటి ఏటి కాన్సల్ పదవికి తూర్పు యుద్ధాలలో పనిచేసిన సైనికుడు మురేనా, ధర్మశాస్త్ర పండితుడు సల్పీషియస్ పోటీ పడగా మురేనా గెలిచాడు. లంచాలిచ్చి గెలిచాడని సల్పీషియస్, కేటో అభియోగం తెచ్చారు. మురేనా పక్షాన వాదించినది సిసిరోయే. న్యాయవాదుల సూత్రాలను హాస్యమాడి, రాజ్యాన్ని నిలిపేది సైనికుని శ్రమ గనుక ప్రజలు అతనికి ఓటు వేయడంలో వింత లేదని వాదించి అతనిని విడిపించాడు. ఇరవై ఏళ్ళ తర్వాత కుమారునికి ఉపదేశంగా వ్రాసిన ధర్మగ్రంథంలో మాత్రం, సభలో జరిగే మేలు యుద్ధవిజయాలకు తీసిపోదని, అనేక పర్యాయాలు వాటిని మించుతుందని వాదించాడు. మొదటిది వకీలు మాట, రెండవది అతని మనస్సులోని మాట అనుకోవాలి.

మురేనా విచారణ జరుగుతుండగానే కాటిలైన్ కుట్ర ముదిరింది. సిసిరో సభలో దానిని బయటపెట్టి, డిసెంబరు 5న పట్టుబడిన ఐదుగురు కుట్రదారులకు విచారణ లేకుండానే మరణశిక్ష అమలు జరిపించాడు. కాటిలైన్ సేనను మరుసటి సంవత్సరారంభంలో ఓడించినది మాత్రం ముప్పది ఏళ్ళకు పైగా సైనికానుభవమున్న పెట్రీయస్. సిసిరోకు కృతజ్ఞతగా దేవతలకు పూజలు జరిపించాలని సెనేట్ తీర్మానించింది. యుద్ధం చేయని పౌరునికి ఆ గౌరవం దక్కడం అదే ప్రథమం. ఈ ఘనతను అతడు జీవితాంతం చెప్పుకొన్నాడు, వినేవారికి విసుగు పుట్టేదాకా చెప్పుకొన్నాడు. విచారణ లేని శిక్ష మాత్రం వెంటాడి క్రీ.పూ. 58లో దేశాంతరవాసానికి కారణమైంది. మరుసటి సంవత్సరం తిరిగి వచ్చాడు.

ఖడ్గాన్ని తప్పించుకొని తిరిగిన ఈ మనిషికి 55వ యేట సైన్యం నడపవలసి వచ్చింది. క్రీ.పూ. 52లో పాంపే తెచ్చిన కొత్త చట్టం ప్రకారం, అంతవరకు రాష్ట్రాలకు వెళ్ళని పాత కాన్సళ్ళను గవర్నర్లుగా పంపవలసి వచ్చింది. ఇప్పటి టర్కీ దక్షిణ తీరంలోని సిలీషియా సిసిరో వంతుకు వచ్చింది. రెండేళ్ళ క్రితమే పార్థియన్లు క్రాసస్ సేనను తుడిచిపెట్టారు. వారు మళ్ళీ వస్తున్నారన్న వార్త పొంచి ఉన్నది. అతని చేతిలోనివి సంఖ్య తగ్గిన రెండు లీజియన్లు, అవీ జీతం బాకీలతో అంతకు ముందే తిరగబడినవి.

ఇక్కడ సిసిరో చూపిన వివేకం గమనించదగినది. తనకు రాని విద్య తనకు రాదని గ్రహించి, అనుభవజ్ఞులను వెంట తీసుకొనిపోయాడు. గాల్ యుద్ధాలలో సీజర్ క్రింద పనిచేసిన తమ్ముడు క్వింటస్, యుద్ధంలో ఆరితేరిన పాంప్టీనస్ అందులో ఉన్నారు. అక్టోబరులో అమానస్ కొండలలో విజయం లభించింది. సైనికులు జయజయధ్వానాలతో అతనికి ఇంపరేటర్ బిరుదమిచ్చారు. అలెగ్జాండర్ పోరాడిన ఇస్సస్ వద్ద కొద్దిరోజులు విడిది చేసి, అక్కడ నుండి మిత్రునికి తన మీద తానే హాస్యమాడుతూ ఉత్తరం వ్రాశాడు. తర్వాత పిండెనిస్సమ్ అనే కొండ ఊరిని 57 దినాలు ముట్టడించి లొంగదీశాడు.

కాని ఆ రాష్ట్ర ప్రజలకు అతడు చేసిన అసలు మేలు వేరొకటి. శీతకాలంలో సైనికులను తమ ఇండ్లలో దించకుండా ఉండేందుకు సైప్రస్ వాసులు అంతకు ముందు గవర్నర్లకు ఏటా 200 టాలెంట్లు చెల్లించుకొనేవారు. సిసిరో ఒక్క నాణెం పుచ్చుకోలేదు, సైనికులను వారి మీదికి తోలనూ లేదు. ఈ పాలనను కేటో మెచ్చుకొన్నాడు గాని, యుద్ధవిజయానికి పూజలు జరపాలన్న తీర్మానానికి వ్యతిరేకంగా ఓటు వేశాడు. సిసిరో నొచ్చుకొన్నాడు. అతనికి కావలసినది విజయోత్సవపు ఊరేగింపు! పొగడ్త కోరే ఈ బలహీనత లేకుంటే అతడు ఇంకా పెద్దవాడయ్యేవాడు.

క్రీ.పూ. 50 నవంబరులో ఇటలీ చేరేటప్పటికి అంతర్యుద్ధం గుమ్మంలో ఉన్నది. ఊరేగింపు మాట అటుంచి, సీజర్, పాంపేల మధ్య ఎవరి పక్షమన్నదే సమస్య అయింది. చివరకు పాంపే శిబిరం చేరాడు. ఫార్సాలస్ యుద్ధంనాడు అస్వస్థుడై తీరంలో ఉండిపోయాడు. ఓటమి తర్వాత మిగిలిన సేనకు నాయకత్వం వహించమని కేటో కోరగా నిరాకరించాడు. కోపంతో పాంపే కుమారుడు కత్తి దూసినప్పుడు కేటోయే అడ్డుపడి కాపాడాడు. సీజర్ అతనిని క్షమించాడు. క్రీ.పూ. 45లో కూతురు తులియా మరణం అతనిని కుంగదీసింది. ఆ దుఃఖంలోనే వరుసగా తత్త్వగ్రంథాలు వ్రాశాడు.

క్రీ.పూ. 44 మార్చిలో సీజర్ హత్య జరిగింది. అరవై రెండేళ్ళ సిసిరో మళ్ళీ సభలో నిలిచి, ఆంటోనీ నియంతృత్వాన్ని ఎదిరిస్తూ 14 ఉపన్యాసాలిచ్చాడు. అతని జీవితంలో ఇంతకంటె ధైర్యమైన ఘట్టం లేదు. ఇంతకంటె పెద్ద పొరపాటు కూడా లేదు. ఆంటోనీకి ఎదురుగా నిలపడానికి అతనికి సైన్యం కావాలి. ఆ సైన్యం సీజర్ దత్తపుత్రుడు, పందొమ్మిదేళ్ళ ఆక్టేవియన్ వద్ద ఉన్నది. ఆ పిల్లవానిని అవసరానికి వాడుకోవచ్చునని తలచాడు. జీతం, భూమి ఆశించే సైనికుడు ఎవరి వెంట నడుస్తాడో సైన్యంలో నాలుగేండ్లు గడిపినవాడు సులభంగా గ్రహించి ఉండేవాడేమో! సైనిక సేవ కావాలనే పక్షానికి సిసిరో జీవితంలో దొరికే గట్టి ఆధారం ఇదే.

ఎదుటి పక్షానికీ ఆ సంవత్సరమే ఆధారం ఉన్నది. ఆక్టేవియన్‌కు కాన్సల్ పదవి కోరుతూ సైనికుల బృందం సెనేట్‌కు వచ్చిందనీ, సభ సంకోచించగా ఒక శతాధిపతి పైవస్త్రం తొలగించి తన కత్తిపిడి చూపాడనీ సుయెటోనియస్ వ్రాశాడు. క్రీ.పూ. 43 ఆగస్టులో ఆక్టేవియన్ కాన్సల్ అయ్యాడు. ఇరవై ఏళ్ళు కూడా నిండలేదు. నవంబరులో ఆంటోనీ, లెపిడస్‌లతో చేతులు కలిపి, చంపవలసినవారి జాబితా తయారుచేశారు. అందులో సిసిరో పేరున్నది. డిసెంబరు 7న ఫోర్మియే సమీపంలో పల్లకీలో సముద్రం వైపు పోతుండగా సైనికులు అటకాయించారు. పల్లకీలోనుండి మెడ చాచి ఇచ్చాడు. ఆ ఉపన్యాసాలు వ్రాసిన చేతులను, శిరస్సును ఆంటోనీ రోమ్‌లో ఉపన్యాస వేదిక మీద ప్రదర్శింపజేశాడు.

సిసిరో కుమారుని పేరు కూడా మార్కస్సే. తండ్రికి భిన్నంగా అతడు యువకుడుగానే పాంపే ఆశ్విక దళంలోనూ, తర్వాత బ్రూటస్ సేనలోనూ పనిచేశాడు. క్రీ.పూ. 30లో ఆక్టేవియన్ అతనిని తనతోపాటు కాన్సల్‌గా నియమించాడు. ఆంటోనీ పతన వార్త రోమ్ చేరినప్పుడు దానిని ప్రజలకు చదివి వినిపించి, ఒకనాడు తండ్రి శిరస్సు ఉంచిన ఆ వేదిక మీదనే అంటించినవాడు ఆ కుమారుడే.