పసివాని దగ్గర పలుకు నేర్చిన గురువు

వేరే రాష్ట్రం నుండో, వేరే దేశం నుండో మీ విచారణకు కొత్తగా వచ్చిన గురువు గారు ప్రసంగంలో ఒక దీర్ఘం మింగేశారనుకోండి. 'పాలు' అనవలసిన చోట 'పలు' అన్నారనుకోండి. వెనుక వరుసల్లో నవ్వులు వినిపిస్తాయి. మీరూ నవ్వి ఉంటారు, నేనూ నవ్వాను. అలాంటి నవ్వులను దాటుకొని వచ్చిన ఒక గురువు కథ ఈ వారం మీకు చెప్పాలి. ఆయన పేరు అలెగ్జాండర్ ద రోడ్స్.

ఆయన పుట్టింది 1590ల ఆరంభంలో, అప్పట్లో జగద్గురువు పోపు గారి ఏలుబడిలో ఉన్న అవిన్యోన్ పట్టణంలో. 1612లో రోము నగరంలో యేసుసభలో చేరారు. జపాను వెళ్లి వేదప్రచారం చేయాలన్నది ఆయన కోరిక. 1619లో లిస్బన్‌లో ఓడ ఎక్కి, గోవాలో కొంతకాలం ఉండి, 1623లో చైనా తీరాన ఉన్న మకావు చేరారు. కాని జపానులో క్రైస్తవులపై హింసలు చెలరేగి ఆ దారి మూసుకుపోయింది. పెద్దలు ఆయనను 1624 చివరలో నేటి వియత్నాం దేశానికి పంపారు.

అక్కడి ఆడవాళ్ల మాటలు మొదట విన్నప్పుడు పక్షుల కిచకిచల్లాగా తోచాయని, ఈ భాష తనకు ఎప్పటికీ రాదేమోనని దిగులు పడ్డానని ఆయనే తరువాత రాసుకున్నారు. ఆ దిగులుకు కారణం లేకపోలేదు. మన తెలుగులో గొంతు పైకెత్తినా కిందికి దించినా పాలు పాలే. ఇటలీ భాషలో మాటలోని ఏ అక్షరంపై ఊనిక పెడతారన్నది ముఖ్యం. 'అంకొరా' అనే మాటలో మొదటి అక్షరాన్ని ఒత్తి పలికితే ఓడ లంగరు, నడిమి అక్షరాన్ని ఒత్తితే 'ఇంకా' అని అర్థం. వియత్నాం భాషలోనో, ప్రతి అక్షరానికీ ఒక స్వరం ఉంది. 'మా' అనే ఒక్క పలుకును ఆరు స్వరాలలో పలికితే ఆరు మాటలవుతాయి: దయ్యం, చెంప, కాని, సమాధి, గుర్రం, వరినారు. మన లిపిలో ఆరింటినీ 'మా' అనే రాయాలి, వేరే దారి లేదు.

స్వరం తప్పితే ఏమవుతుందో రోడ్స్ గారే రాశారు. ఒక గురువు చేపలు కొనుక్కురమ్మని మనిషిని బజారుకు పంపితే, అతడు బుట్టెడు వంకాయలు తెచ్చాడట. ఇంకొక గురువు వెదుళ్లు నరకమని చెబితే, ఇంట్లో పిల్లలందరూ బెదిరి పారిపోయారట. వెదురుకూ పిల్లలకూ ఉన్న తేడా ఒక్క స్వరమే మరి! వంటింట్లో తప్పితే వంకాయలతో పోయింది. సర్వేశ్వరుని గురించి చెప్పేటప్పుడు తప్పితే?

రోడ్స్ గారికి ముందే ఆ భాష బాగా నేర్చిన ఫ్రాన్సిస్కో ద పీనా అనే పోర్చుగీసు గురువు అక్కడ ఉన్నారు. ఆయన దగ్గర రోడ్స్ గారు పాఠాలు చెప్పించుకున్నారు. అయితే స్వరాలన్నీ నేర్పింది మాత్రం పదేళ్లు దాటీ దాటని ఒక పిల్లవాడు. ఒకరి భాష ఒకరికి రాదు. అయినా మూడు వారాల్లో ఆ పసివాడు ముప్పై ఏళ్లు దాటిన గురువు గారి గొంతును దిద్దాడు. ఆ మూడు వారాల్లోనే తాను లాటిను చదవడం, రాయడం, పూజలో సహాయం చేయడం నేర్చుకున్నాడు. తరువాత రఫాయేల్ రోడ్స్ అనే పేరుతో ఉపదేశి అయ్యాడు. ఆరు నెలల్లో గురువు గారు ఆ భాషలో ప్రసంగించసాగారు.

1627లో, సరిగ్గా పునీత జోజప్ప గారి పండుగనాడు ఆయన ఉత్తర ప్రాంతంలో అడుగుపెట్టారు. వేలాదిమంది జ్ఞానస్నానం పొందారు. 1630లో పాలకులు ఆయనను వెళ్లగొట్టారు. 1640లో దక్షిణ ప్రాంతానికి తిరిగి వచ్చారు. 1644 జూలై 26న ఆయన కళ్లెదుటే పంతొమ్మిదేళ్ల ఉపదేశి ఆంద్రెయ వేదసాక్షిగా ప్రాణమిచ్చాడు. 2000 మార్చి 5న రెండవ జాన్‌పాల్ పోపు గారు ఆ యువకుణ్ణి ధన్యుడిగా ప్రకటించారు. 1645లో రోడ్స్ గారిని కూడా దేశం నుండి పంపేశారు.

1649లో రోము చేరిన ఆయన, 1651లో రెండు పుస్తకాలు అచ్చు వేయించారు. ఒకటి వియత్నాం, పోర్చుగీసు, లాటిను భాషల నిఘంటువు. రెండవది లాటిను, వియత్నాం భాషలు పక్కపక్కన ఉన్న సత్యోపదేశం. లాటిను అక్షరాలతో ఆ భాషను రాసే పని పీనా గారి కాలంలోనే మొదలయింది. అమరాల్, బార్బోసా అనే గురువులు కూర్చిన నిఘంటువులు తనకు ఆధారమని రోడ్స్ గారు ముందుమాటలో ఒప్పుకున్నారు. మరి స్వరాలను కాగితం మీద ఎలా చూపారు? గ్రీకు పుస్తకాలలో అక్షరాలపై ఉండే ఊనిక గుర్తులను తీసుకున్నారు. పైకి లేచే స్వరానికి ఒక గీత, దిగే స్వరానికి ఎదురు గీత, విరిగే స్వరానికి వంపు, బరువైన స్వరానికి అక్షరం కింద చిన్న గుర్తు, అడుగుతున్నట్టుండే స్వరానికి ప్రశ్న గుర్తు. ఆరవ స్వరానికి ఏ గుర్తూ లేదు.

ఆ దేశానికి పీఠాధిపతులు కావాలని, స్థానికులే గురువులు కావాలని ఆయన రోములో బతిమాలారు. ఆయన మరణానికి ముందే పీఠాధిపతుల నియామకం జరిగింది. ఆయనను మాత్రం పర్షియాకు పంపారు. ఆ వయసులో మరో భాష నేర్చుకొని, 1660 నవంబరు 5న ఇస్ఫహాను నగరంలో కన్నుమూశారు. ఆ లిపి రెండు శతాబ్దాలకు పైగా ముఖ్యంగా క్రైస్తవుల మధ్యనే నిలిచి, ఇరవయ్యవ శతాబ్దంలో దేశమంతటిదీ అయింది. నేడు అక్కడి పిల్లలందరూ ఆ గుర్తులతోనే ఓనమాలు దిద్దుతున్నారు.

పాఠకులారా! ఆనాడు ఆ పసివాడు నవ్వి ఊరుకొని ఉంటే? నవ్వే ఉంటాడు, పిల్లవాడు గదా. కాని నవ్వి వదిలిపెట్టలేదు, పక్కన కూర్చొని మళ్లీ పలికించాడు. రాబోయే ఆదివారం మీ గురువు గారి మాట తడబడితే, పూజ అయ్యాక దగ్గరకు వెళ్లి మెల్లగా సరైన పలుకు చెప్పండి. మీకు సిగ్గయితే మీ పిల్లవాణ్ణి పంపండి.