నల్లమల దారిలో అక్క

శ్రీశైలం వెళితే పాతాళగంగలో పడవెక్కి అక్క మహాదేవి గుహలు చూసొస్తాం. ఆవిడ నడిచే వచ్చింది, 12వ శతాబ్దంలో, శివమొగ్గ వైపు ఉడుతడి నుంచి. మోజుపడ్డ కౌశిక రాజునీ, నగల్నీ, చివరికి కట్టుబట్టల్నీ వదిలేసి జుట్టే కప్పుకుందని కథ. కల్యాణంలో అల్లమ ప్రభువు ప్రశ్నలకి తడుముకోకుండా జవాబిచ్చింది. పెద్దలే 'అక్కా' అన్నారు. అక్కడే హాయిగా ఉండిపోవచ్చు కదా! ఉండలేదు.

కర్నూలు సీమ కొండదారి పట్టింది. ఇప్పటికీ ఉగాదికి కన్నడ భక్తులు ఆత్మకూరు, నాగలూటి, పెచ్చెర్వు మీదుగా, భీముని కొలను లోయ దిగి ఎక్కి వస్తారు. గుంపుగా వచ్చినా కాళ్లు బొబ్బలెక్కుతాయి. ఇక చలికాలం రాత్రి ఆ అడవిలో దుప్పటి కప్పుకున్నా వణుకే. ఒంటిమీద నూలుపోగు లేని ఆడమనిషి, ఒక్కతీ, ఎలా నెట్టుకొచ్చిందో! తన వచనాలన్నిటా పిలిచింది శ్రీశైలం చెన్నమల్లికార్జునుణ్ణే. కదళీవనంలో ఆయనలోనే కలిసిపోయిందంటారు. అప్పటికి ముప్పయ్యేళ్లు కూడా లేవట.