స్థానం నరసింహారావు గారు

రాగము సాగదీసి వన్స్‌మోరులకై ఆశపడు నటులు పద్యనాటకరంగమున పెక్కుమంది యున్న కాలమది. 1902లో బాపట్లలో జన్మించిన స్థానం నరసింహారావు గారు ఆ త్రోవ త్రొక్కలేదు. 1920లో చంద్రమతి వేషముతో రంగమెక్కి, పురుషుడయ్యును స్త్రీపాత్రలకే పేరుగాంచిరి. శ్రీకృష్ణ తులాభారమున సత్యభామకై మీరజాలగలడా అను పాటను తామే వ్రాసికొని, ఒక్క పల్లవినే పలుమారులు పాడుచు గర్వము, ప్రేమ, శంక, అలుక వేరువేరుగ చూపెడివారు. రసజ్ఞులు మెచ్చినది కంఠమును మాత్రమే కాదు, అందు పలికిన భావమును. చింతామణిగా, మధురవాణిగా, రోషనారగా కూడ వారు మెప్పు పొందిరి. 1956లో పద్మశ్రీ బిరుదము లభించెను. 1971లో పరమపదించిరి. ఆడువారు రంగమెక్కుట అరుదైన ఆ దినములలో, స్త్రీ హృదయమును నవ్వులపాలు గానీయక గౌరవముతో నిలిపిరి. వారి కీర్తికి మూలమదియే.