వేళ కాని వేళలో విస్తరి వేసిన సీతమ్మగారు

మా కోనసీమలో పెట్టే చెయ్యి ఉన్న ఇల్లాలు ఎవరు కనబడినా డొక్కా సీతమ్మగారితో పోలుస్తారు. ఆవిడ పోయి వందేళ్లు ఎప్పుడో దాటిపోయాయి. అయినా ఆ పేరు తెలియని ఇల్లు అమలాపురం, రాజోలు, కొత్తపేట వైపుల ఉండదంటే అతిశయోక్తి కాదు. అన్నపూర్ణ అంటాం, చేతులెత్తి దండం పెడతాం, అంతటితో ఊరుకుంటాం. నాకు మాత్రం ఆ పేరు వినగానే ముందుగా ఓ వంటిల్లు గుర్తుకొస్తుంది. ఏ వేళకు ఎందరు వస్తారో తెలియకుండా ఏళ్ల తరబడి పొయ్యి ఆరనివ్వని వంటిల్లు! వరదలకీ తుపానులకీ ఈనాడు పెద్ద పెద్ద సంస్థలు సహాయానికి దిగితే ఏమేం సమకూర్చుకుంటాయో, వాటిలో చాలా మటుకు ఆ ఇంట్లోనే ఉన్నాయి. లేనిదల్లా సంస్థ పేరు రాసిన బోర్డు ఒక్కటే.

బువ్వన్నగారి అమ్మాయి

సీతమ్మగారు 1841లో మండపేటలో పుట్టారు. తండ్రి అనుపిండి భవానీశంకరంగారు, తల్లి నరసమ్మగారు. ఇంటికొచ్చిన వాళ్లకి అన్నం పెట్టకుండా పంపేవారు కాదని తండ్రిగారిని ఊళ్లోవాళ్లు బువ్వన్న అని పిలిచేవారట. చిన్నతనంలోనే తల్లి పోవడంతో ఇంటి పనీ వంట పనీ సీతమ్మగారి మీద పడ్డాయి. బొమ్మలతో ఆడుకోవాల్సిన వయసులో అత్తెసరు పెట్టడం నేర్చుకున్నారన్నమాట.

ఆ రోజుల్ని కూడా కాస్త తలచుకోవాలి. ఆవిడ పుట్టే నాటికి గోదావరి మీద ఆనకట్ట లేదు. వస్తే వరద, రాకపోతే కరువు. 1833 ప్రాంతాల కరువు చూసినవాళ్లు అప్పటికింకా బతికే ఉన్నారు. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. అంటే ఆవిడ ఎదుగుతున్న ఏళ్లలోనే డెల్టా కూడా పచ్చబడటం మొదలుపెట్టింది. ఆకలి అంటే ఏమిటో పెద్దల నోట వింటూ, గాదెలు నిండటం కళ్లారా చూస్తూ పెరిగిన పిల్ల ఆవిడ.

లంకల గన్నవరానికి చెందిన డొక్కా జోగన్నగారు మంచి ఆస్తిపరులు, వేదం చదువుకున్నవారు. ఓసారి ప్రయాణంలో మధ్యాహ్నం వేళ మండపేటలో బువ్వన్నగారింట భోజనానికి ఆగారట. వచ్చినవాళ్లకి కాళ్లకి నీళ్లివ్వడం దగ్గర్నుంచి వడ్డన దాకా ఆ ఇంటి పిల్ల చూపిన ఒద్దిక ఆయనకి నచ్చింది. ఆ తర్వాత పెళ్లి కుదిరింది. గౌతమి దాటి సీతమ్మగారు కోనసీమ కోడలయ్యారు.

దారిలో ఉన్న ఊరు

లంకల గన్నవరం ఉన్న చోటే అలాంటిది. వశిష్ఠ నుంచి వైనతేయ పాయ చీలేది ఆ పక్కనే. ఆ పాయకి ఒక వైపు అమలాపురం, మరో వైపు రాజోలు. ఇవతలి నుంచి అవతలికి పోవాలంటే నది దాటాలి. ఇక భీష్మ ఏకాదశికి అంతర్వేది తీర్థానికి వెళ్లే జనం సంగతి చెప్పేదేముంది! బస్సుల్లేవు, హోటళ్లు లేవు. పొద్దున్నే చద్దన్నం తిని బయల్దేరిన మనిషి ఎండపొద్దుకి నది ఒడ్డు చేరేసరికి నీరసం ముంచుకొచ్చేది. పడవ దొరక్కపోతే రాత్రికి అక్కడే ఆగిపోవాలి. పసిపిల్లల్ని వెంటబెట్టుకుని నడిచే ఆడవాళ్ల అవస్థ మరీనూ.

ఆ బాటసారులకి జోగన్నగారి లోగిలి ఓ దిక్కయింది. ఫలానా వేళకే రావాలన్న నియమం లేదు. ఏ కులం, ఏ ఊరు అన్న ఆరా లేదు. అర్ధరాత్రి తలుపు తట్టినా పొయ్యి రాజేసేవారని చెప్పుకుంటారు. కులం అడగకుండా అన్నం పెట్టడం ఆ కాలంలో, అందులోనూ ఓ శ్రోత్రియ కుటుంబంలో ఎంత పెద్ద సంగతో మన అమ్మమ్మల తరం వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

అన్నం వెనక లెక్క

అన్నదానం అనగానే మనకి నిండు విస్తరి కనిపిస్తుంది. దాని వెనక చాకిరీ కనిపించదు. ఒక్కసారి లెక్క వేసి చూడండి. ఆకలిగొన్న మనిషికి పూటకు సోలెడు బియ్యం అనుకుందాం. కుంచానికి పదహారు సోలలు. రోజుకి యాభై మంది చొప్పున రెండు పూటలా తిన్నారనుకుంటే ఆరు కుంచాల బియ్యం దాటిపోతాయి. మరలు లేని రోజులు కదా, అంత బియ్యం కావాలంటే దానికి రెట్టింపు ధాన్యం రోట్లో పోసి దంచాలి, చెరగాలి. ఆపైన నీళ్లు మొయ్యాలి, కట్టెలు వానకి తడవకుండా అటక మీదికి చేర్చాలి. ఎండాకాలంలోనే ఊరగాయలు జాడీలకెత్తాలి. పప్పులు బాగుచేసి దాచాలి, విస్తళ్లు కుట్టించి ఉంచాలి. ఇవన్నీ ముందే ఉంటేనే కదా, వేళ కాని వేళ వచ్చిన మనిషికి విస్తరి పడేది!

ఈనాటి భాషలో దీన్ని నిల్వల నిర్వహణ అంటారు. దీనికి గిడ్డంగులుంటాయి, రిజిస్టర్లుంటాయి, జీతగాళ్లుంటారు. సీతమ్మగారికి ఉన్నది గాదె, అటక, తన జ్ఞాపకం, చేతి కింద సాయం చేసేవాళ్లు. ఆవిడది మంచి మనసని అందరం ఒప్పుకుంటాం. దాంతోపాటు గొప్ప నేర్పు కూడా ఉందని చెప్పేవాళ్లే తక్కువ.

వరద రాత్రి

సీతమ్మగారి గురించి మావైపు తప్పకుండా చెప్పే కథ ఒకటుంది. గోదావరి పోటు మీదుంది. చీకటి, వాన. నది మధ్య లంకలో చిక్కుకుపోయిన ఓ మనిషి ఆకలికి తాళలేక కేకలు పెడుతున్నాడు. ఆ కేక ఆ ఇంటిదాకా వినబడింది. ఆ మనిషి అప్పటి సమాజం అంటరానివాడని దూరం పెట్టినవాడు. సీతమ్మగారు గబగబా వండి మూట కట్టారు. జోగన్నగారు పడవ వేసుకుని ఆ వరదలోనే వెళ్లి అన్నం అందించి వచ్చారు. కథలో కొంత కల్పన కలిసిందేమో, నూరేళ్లు నోట నోట నడిచిన కథ కదా! కానీ జనం ఆవిడలో దేన్ని గుర్తుపెట్టుకున్నారో ఈ కథే చెబుతుంది. ఇంటికొచ్చినవాడికి పెట్టడం ఒక ఎత్తు. రాలేనివాడి దగ్గరికి అన్నాన్ని పంపడం మరో ఎత్తు.

ఈ తేడా నాకు 1996లో బాగా తెలిసొచ్చింది. ఆ ఏడాది నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమని ఊడ్చేసింది. వెయ్యి మందికి పైగా పోయారు. కొబ్బరి తోటలు వరసలు వరసలుగా కూలిపోయాయి. ఆ రోజుల్లో ఓ స్వచ్ఛంద సంస్థ తరఫున సరుకుల జాబితాలు చూసే పని నాది. బియ్యం బస్తాలు వచ్చాయి. కానీ పొయ్యి కరిగిపోయిన ఇంట్లో, కట్టెలన్నీ తడిసిపోయిన ఇంట్లో, గిన్నెలు నీళ్లలో కొట్టుకుపోయిన ఇంట్లో ఆ బియ్యంతో ఏం చేస్తారు? మొదటి మూడు నాలుగు రోజులు మనిషిని నిలబెట్టేది వండిన అన్నమే. రోడ్డు పక్క ఊళ్లకి లారీలు తేలిగ్గా చేరేవి. చెట్లు పడి దారి మూసుకుపోయిన లోపలి ఊళ్లకి, లంకలకి ఎవరో ఒకరు నడిచో, పడవ మీదో వెళ్లాల్సి వచ్చేది. ఎవరికి ముందు అందాలి అన్న ప్రశ్న వచ్చినప్పుడల్లా, ఎవరు కేక వేస్తున్నారో విని అటు పడవ పంపిన ఆ ఇల్లాలే నాకు గుర్తొచ్చేవారు.

ఇంకో సంగతి. 1876 నుంచి 1878 దాకా ధాత కరువు దక్షిణాదిని పీడించింది. లక్షల మంది పోయారు. ఆనకట్ట పుణ్యాన గోదావరి డెల్టా గట్టెక్కింది. కరువు ప్రాంతాల నుంచి జనం ఇటు తిండి వెతుక్కుంటూ వచ్చారు. అప్పటికి సీతమ్మగారికి ముప్ఫై అయిదేళ్లు దాటాయి. సంసారం, వంటిల్లు ఆవిడ చేతిలో ఉన్న వయసది.

కొండలైనా కరుగుతాయి

ఎంత ఆస్తి అయినా తింటూ కూర్చుంటే కరిగిపోతుందంటారు. ఊరందరికీ పెడుతుంటే ఇక చెప్పాలా? భూములు తరుగుతూ వచ్చాయనీ, జోగన్నగారు కొంత దిగులు పడ్డారనీ చెబుతారు. ఆ సమయంలో పొలంలో తవ్వుతుంటే బంగారు నాణేల బిందె దొరికిందన్న కథ ప్రచారంలో ఉంది. అది నిజమో కాదో గానీ, కష్టకాలంలోనూ ఆ ఇంటి పొయ్యి ఆరలేదన్న ఆశ్చర్యంలోంచే ఆ కథ పుట్టి ఉంటుంది. నాకు బిందె కన్నా జోగన్నగారే ఎక్కువ ఆశ్చర్యం. ఆస్తి ఆయనది. ఆ కాలపు మగవాడు వద్దు అని ఒక్క మాట అంటే ఆగిపోయే పని అది. ఆయన ఆ మాట అనలేదు.

అంతర్వేది నరసింహస్వామిని చూడాలని సీతమ్మగారికి ఎన్నాళ్లనుంచో ఆశ. ఇల్లు కదలడానికి వీలయ్యేది కాదు. ఎట్టకేలకు పల్లకీలో బయల్దేరారు. దారిలో ఆగినచోట ఓ ప్రయాణికుల గుంపు మాటలు చెవిన పడ్డాయి. ఆకలికి ఏడుస్తున్న పిల్లల్ని, ఇంకాసేపట్లో సీతమ్మగారింటికి చేరిపోతాం, అన్నం తినేద్దురుగానీ అని పెద్దవాళ్లు ఊరడిస్తున్నారు. అంతే, పల్లకీ వెనక్కి తిప్పించారు. వాళ్లకన్నా ముందే ఇల్లు చేరి వంట చేయించారు. స్వామి దర్శనం మాత్రం ఆ సారికి లేకుండా పోయింది. ఈ కథ విన్నప్పుడు అందరూ ఆవిడ భక్తిని మెచ్చుకుంటారు. నాకు మనసులో కాస్త చివుక్కుమంటుంది. ఒక్క రోజు కూడా సెలవు లేని ఆడదాని జీవితం కదా అది! అంత బరువు ఒక్క మనిషి మీద ఉండకూడదనే, ఆ తర్వాతి కాలంలో సంస్థలు వచ్చాయి. ఆవిడ ఉండగానే 1897లో రామకృష్ణ మిషన్ వాళ్లు ముర్షిదాబాదులో కరువు సహాయం మొదలుపెట్టారు. ఆవిడ పోయాక 1920లో భారత రెడ్‌క్రాస్ ఏర్పడింది.

చక్రవర్తి పిలిచినా

ఆవిడ పేరు సముద్రాలు దాటింది. ఏడో ఎడ్వర్డ్ పట్టాభిషేకం సందర్భంగా 1903లో ఆవిడ సేవను మెచ్చుకుంటూ ప్రశంసాపత్రం వచ్చింది. ఉత్సవానికి రమ్మని పిలుపు వస్తే, ఇక్కడ వచ్చినవాళ్లకి ఎవరు పెడతారని ఆవిడ వెళ్లలేదట. ఫొటో తీయించుకోవడానికీ ససేమిరా అన్నారట. చివరికి అధికారులు బతిమాలితే, వాళ్లకి ఇబ్బంది రాకూడదని ఒప్పుకున్నారని చెబుతారు. ఇవాళ మనం చూసే ఆవిడ రూపం ఆ ఫొటోదేనంటారు.

సీతమ్మగారు 1909 ఏప్రిల్ 28న కన్నుమూశారు. గన్నవరం దగ్గర వైనతేయ మీది అక్విడెక్టుకి ఆవిడ పేరు పెట్టారు. 2024లో ప్రభుత్వం బడి పిల్లల మధ్యాహ్న భోజనానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టింది. 2025 జనవరిలో అది ప్రభుత్వ జూనియర్ కాలేజీల దాకా వెళ్లింది. పేరు పెట్టడం సంతోషమే. అయితే ఆ పేరుకి తగ్గట్టు చెయ్యడమంటే ఏమిటో బడి వంటగదుల్లో గరిటె పట్టిన ఆడవాళ్లకి బాగా తెలుసు. వేళకి అన్నం ఉడకాలి, అందరికీ సరిపోవాలి, ఎవరినీ తక్కువ చేసి వడ్డించకూడదు.

2022 జులైలో గోదావరికి వరదలొచ్చి లంకలు మునిగాయి. గోదావరి ఉన్నంతకాలం మళ్లీ వస్తాయి. కాబట్టి వానాకాలం ముందు మన అటక మీద నాలుగు ఎండు కట్టెలు, డబ్బాలో కాసిని అటుకులు, బియ్యం కాస్త ఎక్కువగా ఉంచుకుందాం. మనకి అక్కరకొచ్చినా రాకపోయినా, వీధి చివర పల్లపు ఇంట్లోవాళ్లకి అక్కరకొస్తాయి.