బడిలో కలిసిన స్నేహం, బతుకంతా నిలిచిన పని
(గిడుగు రామమూర్తి పంతులు గారి జీవితం)

ఊరికి ఉపకారం చేసిన వర్తకులను, దాతలను మన సావనీరుల్లో ఏటేటా తలచుకోవడం ఆనవాయితీ. వ్యాపారంలో గడించి, అందులో కొంత బీద విద్యార్థుల చదువుకు ఇచ్చినవారిని మరచిపోకూడదు గదా. ఈసారి మేము రాయబోయేది అంగడి గాని మిల్లు గాని లేని ఒక దాతను గూర్చి. ముప్ఫై రూపాయల జీతం మీద బడిపంతులుగా చేరి, అడవిలోని పిల్లల కోసం సొంత డబ్బుతో బళ్ళు పెట్టించిన మనిషి ఆయన. చిన్ననాటి స్నేహితునితో కలిసి ఎత్తుకున్న పనిని, ఆ స్నేహితుడు పోయిన తరువాత కూడా పాతికేళ్ళు మోసిన మనిషి. ఆయనే గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారు. ఆ స్నేహితులు గురజాడ వెంకట అప్పారావు గారు. ఇద్దరూ మన ప్రాంతపు వారే. అయినా మన పిల్లలకు వీరి పేర్లు తెలిసినంతగా వీరి కష్టం తెలియదు.

రామమూర్తి గారు 1863 ఆగస్టు 29న వంశధార ఒడ్డున, శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టినారు. ఇప్పుడది శ్రీకాకుళం జిల్లా. ఆనాడు గంజాం జిల్లాలో ఉండేది. తండ్రి వీర్రాజు గారు చిన్న ఉద్యోగి. ఆయన చోడవరానికి బదిలీ అయి వెళ్ళి, అక్కడే 1875లో విషజ్వరంతో కన్నుమూసినారు. కుర్రవాడికి అప్పటికి పన్నెండేళ్ళు. ఇంటికి ఆధారం పోయింది. బంధువుల ఇంట తలదాచుకుని విజయనగరంలో మహారాజా వారి ఇంగ్లీషు స్కూల్లో చేరినాడు. తండ్రి లేని పిల్లవాడు పరాయి ఊళ్ళో చదువుకోవడం అంటే ఏమిటో మన కుటుంబాల్లో చాలామందికి వేరే చెప్పనక్కరలేదు.

ఆ బడి రోజుల్లోనే అప్పారావు గారితో స్నేహం కలిసింది. అప్పారావు గారు 1862 సెప్టెంబరు 21న ఎస్.రాయవరంలో పుట్టినవారు. చీపురుపల్లిలో కొంత చదివి విజయనగరం చేరుకున్నారు. ఇద్దరికీ వయసులో ఏడాది తేడా. ఇద్దరూ డబ్బున్న ఇళ్ళ పిల్లలు కారు. ఇద్దరికీ పుస్తకం అంటే ఆకలి.

1879లో రామమూర్తి గారు మెట్రిక్యులేషను ప్యాసైనారు. ఆ ఏడే పెళ్ళి కూడా అయింది. 1880లో పర్లాకిమిడి రాజావారి స్కూల్లో ముప్ఫై రూపాయల జీతం మీద మాస్టరుగా కుదిరినారు. కాలేజీకి వెళ్ళి చదివే స్తోమతు లేక, ఉద్యోగం చేస్తూనే పరీక్షలకు కట్టినారు. 1886లో ఎఫ్.ఏ., 1896లో బి.ఏ. పూర్తి అయినవి. ఈలోగా శ్రీముఖలింగం గుడిలోని రాతిశాసనాలను తనంతట తానే చదవడం నేర్చుకున్నారు. అక్కడ విజయనగరంలో అప్పారావు గారు బి.ఏ. చదివి, మహారాజా వారి కాలేజీలో పాఠాలు చెప్పి, ఆనందగజపతి మహారాజు గారి కొలువులో ఉన్నారు. 1892లో ఆయన 'కన్యాశుల్కం' నాటకం రంగమెక్కింది. 1897లో అచ్చయింది. ఇంటింటా మాట్లాడే తెలుగు దర్జాగా స్టేజీ మీద కూర్చున్న రోజది.

ఇక పర్లాకిమిడిలో పంతులు గారి సంగతి. ఊరు దాటితే కొండలు. ఆ కొండల్లో సవరలు. సంతకు వచ్చే సవరల మాట ఊళ్ళోవారికి తెలియదు. వారి పిల్లలకు బడి లేదు. ఉన్నా అక్కడి పాఠం వారికి పరాయిదే. పంతులు గారు తెలుగూ సవరా రెండూ వచ్చిన మనిషిని తన ఇంట్లోనే ఉంచుకుని ఆ భాష నేర్చుకున్నారు. లిపి లేని ఆ భాషకు వాచకాలు రాసినారు. సొంత ఖర్చుతో బళ్ళు పెట్టి, మాస్టర్లకు జీతాలు కూడా తానే ఇచ్చినారు. అది చందాలు పోగు చేసిన సొమ్ము కాదు. తన సంసారానికి రావలసిన జీతం. మన్యంలో తిరిగి తిరిగి జ్వరం తగులుకుంది. క్వినైను ఎక్కువగా వాడవలసి వచ్చి వినికిడి పోయింది. మనుషుల నోటి మాటను విని పుస్తకంలోకి ఎక్కించడమే పనిగా పెట్టుకున్నవాడికి చెవులు పోవడం ఎంత దెబ్బో ఆలోచించండి. అయినా ఆయన పని ఆపలేదు. 1913లో ప్రభుత్వం బిరుదు ఇచ్చింది. 1931లో ఆయన రాసిన సవర వ్యాకరణం, 1938లో సవర నిఘంటువు వెలువడినవి. ఈ పనిలో కుమారులు సీతాపతి గారు కూడా తోడైనారు.

పాత స్నేహితులిద్దరినీ ఒకే పనిలోకి తెచ్చినది జె.ఏ.యేట్సు దొర గారు. 1906-07 ప్రాంతంలో మన జిల్లాలకు స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుగా వచ్చి, జనం మాట్లాడే తెలుగుకూ బడి పుస్తకాల తెలుగుకూ అంత దూరం ఎందుకున్నదని ఆరా తీసినారు. విశాఖపట్నం ఎ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాలు పి.టి.శ్రీనివాస అయ్యంగారు గారు కూడా అందులో కలిసినారు. నలుగురూ కలిసి వాదించినది చాలా చిన్న సంగతి. పిల్లవాడికి అర్థమయ్యే భాషలో పాఠం ఉండాలి. చదువుకున్నవారు మర్యాదగా మాట్లాడుకునే తెలుగే రాయడానికీ పనికి వస్తుంది. అంతే. ఆ అంతకే పెద్ద తుపాను లేచింది.

1911లో రామమూర్తి గారు ఉద్యోగం వదలి పూర్తిగా ఈ పనిలోకి దిగినారు. 1912-13లో స్కూలు ఫైనలు పరీక్షలో వ్యాసం ఏ తెలుగులోనైనా రాయవచ్చునని ఉత్తర్వు వచ్చింది. వెంటనే పండితులు తిరగబడినారు. జయంతి రామయ్య పంతులు గారి ఆధ్వర్యంలో ఆంధ్ర సాహిత్య పరిషత్తు ఎదురు నిలిచింది. మద్రాసు యూనివర్సిటీ కమిటీలో అప్పారావు గారు 1914లో ఒంటరిగా తన అసమ్మతి పత్రం దాఖలు చేసినారు. అయినా ఆ ఉత్తర్వు నిలువలేదు. ఆరోగ్యం చెడిన అప్పారావు గారు 1915 నవంబరు 30న, యాభై మూడేళ్ళకే వెళ్ళిపోయినారు. గెలుపు చూడలేదు.

ఇటువంటి చోట చాలామంది చేతులు దులుపుకుంటారు. స్నేహితుడు పోయాడు, సర్కారు కాదన్నది, వయసు యాభై దాటింది, చెవులు వినబడవు. రామమూర్తి గారు మాత్రం సంచినిండా పుస్తకాలతో ఊరూరా బయలుదేరినారు. ఆయన పద్ధతి ఒక మంచి మాస్టరు పద్ధతి. ఎదుటివారిని తిట్టరు. పండితులు తమ వ్యాకరణం తామే ఎక్కడెక్కడ తప్పినారో వారి పుస్తకాల్లోంచే ఎత్తి చూపుతారు. పాతకాలపు వచన గ్రంథాల్లో వాడుకమాటలు ఎన్ని ఉన్నవో పోగుచేసి ముందు పెడతారు. పెద్దలకే పట్టుబడని భాషను పదేళ్ళ పిల్లవాడి నెత్తిన ఎందుకు రుద్దుతారన్నదే వాదం. 1919లో రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం పంతులు గారు అధ్యక్షులుగా, తాను కార్యదర్శిగా వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడింది. కొద్ది నెలలకే వీరేశలింగం గారూ పోయినారు. ఆ ఏడే 'తెలుగు' అనే మాసపత్రిక కూడా పంతులు గారు నడిపినారు. ఆఖరికి 1924లో ఆ పరిషత్తే వాడుకభాష మీది తన నిషేధాన్ని ఎత్తివేసింది.

ఇంకొక దుఃఖం కూడా ఆయనకు రాసిపెట్టి ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసింది. దాన్ని గట్టిగా ఎదిరించిన పంతులు గారు, యాభైయేళ్ళకు పైగా ఉన్న ఊరిని డెబ్బై రెండేళ్ళ వయసులో వదలి రాజమండ్రి చేరుకున్నారు. 1938లో ఆంధ్ర విశ్వకళా పరిషత్తు కళాప్రపూర్ణ ఇచ్చి గౌరవించింది. 1940 జనవరి 22న కన్నుమూసినారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29నే ఈనాడు తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాము. మనం చదివే పేపరు, మన పిల్లల వాచకం, ఆఖరికి ఈ సావనీరు కూడా ఆ ఇద్దరు స్నేహితుల భిక్షే.

ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకునే మాకు ఈ కథ మరీ దగ్గరిది. మన ఇళ్ళల్లో పిల్లలు నక్కో అంటారు, హౌ అంటారు. పుస్తకంలో నహీఁ, హాఁ అని ఉంటుంది. వీధిలోకి వెళితే తెలుగు, పై క్లాసులకు పోతే ఇంగ్లీషు. ఇంటి మాట తప్పుడు మాట అని మొదటి రోజే చెబితే ఆ పిల్లవాడు నోరు మూసుకుంటాడు. నోరు మూసుకున్నవాడు ప్రశ్న అడగడు. ప్రశ్న అడగనివాడు నాలుగేళ్ళలో బడి మానేస్తాడు. ఇటువంటి పిల్లలను మేము క్లాసులో చూస్తూనే ఉన్నాము. అదే పిల్లవాడిని ముందు తన మాటలో చెప్పనిచ్చి, ఆ మీద పుస్తకం మాట అందిస్తే రెండూ వస్తాయి. సవర కొండల్లో పంతులు గారు పట్టిన దారి అదే. 1918లో ఉస్మానియా యూనివర్సిటీ ఉర్దూ మాధ్యమంగా వెలసినప్పుడు, అర్థమయ్యే భాషలో పెద్ద చదువు కూడా చెప్పవచ్చునని మన పెద్దలు నమ్మినారు. ఆ నమ్మకమే ఇదీ.

కాబట్టి తల్లిదండ్రులకు మా విన్నపం ఒక్కటే. రాత్రి పిల్లవాడు పుస్తకం పట్టుకున్నప్పుడు పక్కన కూర్చోండి. ఆ రోజు పాఠం మన ఇంటి మాటలో వాడినే చెప్పమనండి. చదువు రాని తల్లి కూడా ఈ పని చేయగలదు. ఇక డబ్బున్న సభ్యులకు: ఒక బీద పిల్లవాడి పుస్తకాల ఖర్చు గాని ఫీజు గాని పెట్టుకోవడానికి పెద్ద వ్యాపారం ఉండనక్కరలేదు. ముప్ఫై రూపాయల మాస్టరు గారు బళ్ళే నడిపినారు.